పాస్తాకి టమాటా సాస్: ఏ కాయకి ఏ పద్ధతి?

పాస్తా సాస్ చేద్దామనుకునేవాళ్లు చాలామంది ముందు పద్ధతి ఒకటి ఖాయం చేసుకుని, ఆ తర్వాత సంచి పట్టుకుని బజారుకి బయల్దేరతారు. మన గోదారి డెల్టాలో ఇది తిరగేసి చెయ్యాలంటాను. ముందు రైతుబజారులో ఏ కాయ ఉందో చూడండి, తర్వాత ఆ కాయకి పనికొచ్చే సాస్ ఎంచుకోండి. సంక్రాంతి దాటాక లంకల నుంచి బుట్టల్లో దిగే కాయ వేరు, శ్రావణంలో మదనపల్లె లారీలో వచ్చే కాయ వేరు. రెండింటికీ ఒకటే కొలత, ఒకటే టైము పెట్టుకుంటే ఒకసారి సాస్ వస్తుంది, ఇంకోసారి చారు వస్తుంది.

ఇటలీవాళ్ల సాస్‌లో ఉండేవి తక్కువ. టమాటా, నూనె గానీ వెన్న గానీ, ఉప్పు, వాసనకి వెల్లుల్లి లేదా ఉల్లి, ఉంటే ఒక ఆకు. భీమవరంలో, రాజమండ్రిలో ‘రెడ్ సాస్ పాస్తా’ అని కెచప్, క్యాప్సికం, పిజ్జాతో మిగిలిన ఆరెగానో పొట్లాలు కలిపి ఇస్తారే, అదీ బాగానే ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. కాకపోతే అది వేరే వంట. ఇక్కడ దాని గురించి చెప్పడం లేదు. సీసాల్లో వచ్చే రెడీమేడ్ సాస్ గురించి కూడా ఒక్క మాటే: వెనకాల లేబుల్‌లో పంచదార, పిండి పదార్థం ముందు వరుసలో ఉంటే ఆ సీసా వదిలేసి టమాటా టిన్ను కొనుక్కోండి.

కాయల సంగతి

బజారులో మనకి దొరికేవి రెండు జాతులు. నాటు టమాటా కాస్త బల్లపరుపుగా, పక్కలు గాడులు పడి, తొక్క పల్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే లోపల గదులు చాలా, గుజ్జు తక్కువ, గింజల చుట్టూ జిగురు ఎక్కువ. పులుపు గట్టిగా ఉంటుంది, వాసన దివ్యంగా ఉంటుంది. హైబ్రిడ్ కాయ గట్టిది, తొక్క మందం, గోడ మందం, గదులు తక్కువ. లారీ ప్రయాణం తట్టుకోవాలి కాబట్టి దోరగా ఉండగానే కోసేస్తారు. ఎరుపు దారిలో ఎక్కుతుంది గానీ రుచి అంత తొందరగా ఎక్కదు.

సాస్‌కి ఇటలీలో పేరున్న కాయ సాన్ మర్జానో. నేపుల్స్ దగ్గర, వెసూవియస్ అగ్నిపర్వతం చుట్టుపక్కల నేలల్లో పండుతుంది. పొడుగ్గా ఉంటుంది, సాధారణంగా రెండే గదులు, గింజ తక్కువ, గుజ్జు చిక్కన, పులుపు నెమ్మది. అక్కడి సార్నో, నొచేరా ప్రాంతపు కాయకి 1996లో యూరప్ వాళ్ల ప్రాంతీయ రక్షణ గుర్తింపు దొరికింది. దాని గుణాలు చూస్తే మన రెండింటిలో ఆకారానికి, గుజ్జుకి హైబ్రిడ్డే దగ్గర. రుచికి మాత్రం నాటుదే పైచేయి. అందుకే రెండూ దొరికే రోజుల్లో నేను చెప్పే పాళ్లు రెండొంతులు హైబ్రిడ్, ఒక వంతు నాటు. గుజ్జు దాన్నుంచి, ప్రాణం దీన్నుంచి.

హైబ్రిడ్ కాయల్ని తెచ్చిన రోజే వండకండి. ఫ్రిజ్‌లో పెట్టకండి కూడా. చల్లదనానికి టమాటా వాసన చచ్చిపోతుంది, అందులోనూ సగం పండిన కాయ ఇక పండదు. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, రెండు మూడు రోజులు గాలి తగిలే చోట ఉంచండి. వానాకాలంలో మన గాలిలో తేమకి కాయ అడుగున నల్లమచ్చ పడుతుంది. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి తిప్పి చూసుకోవాలి. తొడిమ ఊడిన చోట ముక్కు పెడితే టమాటా వాసన రావాలి. వస్తే తొందర సాస్‌కి పనికొస్తుంది. రాకపోతే దాన్ని నెమ్మదిగా ఉడికించే సాస్‌కే వాడండి.

గింజలు తీసి పారెయ్యమని చాలామంది చెబుతారు. నాకు ఆ సలహా నచ్చదు. గింజల చుట్టూ ఉన్న జిగురులోనే కమ్మదనం ఇచ్చే గ్లుటమేట్ గుజ్జులో కన్నా ఎక్కువ. నీళ్లెక్కువైతే పొయ్యి మీద ఇంకో పది నిమిషాలు ఉంచితే పోతుంది. పారబోసిన రుచి మళ్లీ రాదు.

ఇక టిన్ను. ధర పెరిగినప్పుడు, 2023 జూలైలో కిలో వంద దాటిందే, అలాంటప్పుడు టిన్ను ఖరీదుగా అనిపించదు. మామూలు రోజుల్లో మాత్రం తాజా కాయ కన్నా ఎన్నో రెట్లు. కొనేటట్టయితే ముక్కలు కోసినవి కాకుండా మొత్తం కాయలు ఉన్నది కొనండి. ముక్కలు విడిపోకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, అవి ఎంత ఉడికించినా మెత్తబడకుండా సాస్‌లో తేలుతూ ఉంటాయి. అట్టపెట్టెలో వచ్చే టమాటా ప్యూరీ చవక, చేతిలో పని తక్కువ. కానీ ఒకసారి ఉడికేసిందే కాబట్టి తాజా వాసన ఆశించకూడదు. నెమ్మది సాస్‌లో నాటు కాయలకి తోడుగా అరపెట్టె పోస్తే బాగుంటుంది, ఒక్కటే పోసి చేస్తే డబ్బా వాసన బయటపడుతుంది.

లెక్కకి, కిలో తాజా టమాటాలకి నలుగురికి సరిపడా సాస్ వస్తుంది. అంటే తలకి వంద గ్రాముల చొప్పున నాలుగు వందల గ్రాముల ఎండు పాస్తాకి. నాలుగు వందల గ్రాముల టిన్ను ఇద్దరు ముగ్గురికి.

తొక్క తియ్యడం: మిక్సీనా, తురుమా, జల్లెడా?

మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, చల్లటి నీళ్లలో వేసి తొక్క వలవడం పాత పద్ధతి. నాటు కాయకి ఇది బాగా కుదురుతుంది. బాగా పండిన హైబ్రిడ్ అయితే అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపుని తురుముపీట పెద్ద కన్నాల మీద రుద్దండి. గుజ్జంతా కిందికి దిగి, తొక్క అరచేతిలో మిగులుతుంది. గిన్నె తడవడం, నీళ్లు కాచడం ఏమీ ఉండదు. నా ఓటు దీనికే.

మిక్సీ వెయ్యచ్చా అంటే, వెయ్యచ్చు గానీ వద్దంటాను. పచ్చి టమాటా మిక్సీలో తిరిగితే గాలి కలిసి నురగ వస్తుంది, ఎరుపు పోయి నారింజ రంగు పడుతుంది, గింజలు నలిగితే చేదు కూడా తగులుతుంది. నున్నగా కావాలంటే ఉడికాక స్టీలు జల్లెడలో వేసి గరిటెతో నొక్కండి. చేత్తో పిసికిన ముక్కలు అక్కడక్కడ తగిలితేనే నాకిష్టం. పిల్లలకి ముక్క తగిలితే పళ్లెం పక్కన పెట్టేస్తారు కాబట్టి ఇళ్లని బట్టి పోవాలి.

ఏ సాస్?

మొదటిది, కాయ బాగున్న రోజు చేసేది: వెల్లుల్లి, నూనె, టమాటా. ఇటలీలో దీన్ని మరినారా అంటారు. కిలో టమాటాకి నాలుగు పెద్ద చెంచాల నూనె, మన చిన్న పాయలయితే ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, చిదిపినవి. వెడల్పాటి గిన్నెలో నూనె వేడెక్కకుండానే వెల్లుల్లి వేసి, సన్నసెగ మీద లేత బంగారు రంగు అంచున కనపడగానే టమాటా పొయ్యండి. పోపులో వేసినట్టు ఎర్రగా వేగనిస్తే ఆ చేదు సాసంతా పాకుతుంది. ఆ పైన సెగ పెంచి, ఇరవై నుంచి పాతిక నిమిషాలు. మూత వద్దు. వెడల్పు గిన్నె ఎందుకంటే నీరు తొందరగా ఆవిరై, టమాటా తక్కువసేపు ఉడికి, వాసన నిలుస్తుంది. లోతు గిన్నెలో ఇదే పనికి ముప్పావుగంట పట్టి తాజాదనం పోతుంది.

ఎప్పుడు దించాలనే దగ్గర మన అలవాటు అడ్డొస్తుంది. టమాటా పచ్చడికి నూనె పైకి తేలాలని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. సాస్‌కి అంతదాకా పోకూడదు. అంచుల్లో నూనె కాస్త విడి కనిపిస్తే చాలు. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే, ఆ గీత ఒక క్షణం నిలిచి నెమ్మదిగా పూడుకోవాలి. వెంటనే పూడితే ఇంకా నీళ్లున్నాయి. అసలు పూడకపోతే పచ్చడి వైపు వెళ్లిపోయింది, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటె పోసి వెనక్కి తెచ్చుకోండి.

రెండోది నాటు కాయ పుల్లగా ఉన్న రోజుకి: వెన్న, ఉల్లి. కిలో టమాటా గుజ్జులో ఎనభై గ్రాముల వరకూ ఉప్పులేని వెన్న, ఒక ఉల్లిపాయ సగానికి కోసి అలాగే, ఉప్పు. అన్నీ ఒకేసారి గిన్నెలో పెట్టేసి సన్నసెగ మీద ముప్పావుగంట. వేయించడం లేదు, తరగడం లేదు. దించే ముందు ఉల్లి ముక్కలు తీసెయ్యండి, తీసినవి అన్నంలో నంజుకోవచ్చు. ఇంత సోమరి వంట ఇంత బాగా రావడం నాకైతే ఇప్పటికీ అన్యాయంగా అనిపిస్తుంది. పులుపుని విరిచేది వెన్నలో కొవ్వు, తియ్యదనాన్ని ఇచ్చేది ఉల్లి. ఇంట్లో పాడి ఉండి వెన్న చిలికేవాళ్లకి ఇది చాలా చవక. ఒకటే జాగ్రత్త, నాలుగు రోజులు దాచిన వెన్న పులిసి ఉంటుంది. టమాటా పులుపుకి అదీ తోడైతే లాభం లేదు. ఆ రోజు తీసిన వెన్న వాడండి. నెయ్యి పొయ్యకండి, దాని వాసన ముందు టమాటా నిలబడదు.

పుల్లగా ఉందంటే మన గోదారి చెయ్యి బెల్లం డబ్బా వైపు పోతుంది. పులుసుకి బెల్లం అందమే. సాస్‌కి మాత్రం దాని వాసన, రంగు రెండూ తెలిసిపోతాయి. తప్పదనుకుంటే పావుచెంచా పంచదార. దానికన్నా ముందు ఉప్పు సరిపోయిందో లేదో చూడండి, ఉప్పు చాలని సాస్ ఎప్పుడూ పుల్లగానే తోస్తుంది.

మూడోది వాసన లేని కాయ తగిలిన రోజు, లేదా ఫ్రీజర్‌లో దాచుకోడానికి. ఉల్లి, క్యారెట్, సెలెరీ సన్నగా తరిగి నూనెలో పావుగంట మగ్గబెట్టి, టమాటా పోసి, మూత ఓరగా పెట్టి గంట, గంటంపావు. సెలెరీ రాజమండ్రి, కాకినాడ పెద్ద దుకాణాల్లో దొరికితే సరే, లేకపోతే మానెయ్యండి. దాని బదులు వాము ఆకు వేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు, అది బజ్జీకే బాగుంటుంది. సెలెరీ లేని లోటు ఎవరికీ తెలియదు, వాము ఆకు వేసిన సంగతి అందరికీ తెలుస్తుంది.

కారం కావాలా? అర్రబియాతా అని రోమ్ వైపు చేస్తారు, ఆ మాటకి కోపంతో ఉన్నదని అర్థం. మొదటి పద్ధతే, వెల్లుల్లితో పాటు ఎండుమిరపకాయలు తుంచి నూనెలో వేస్తారు. మన మిరపకాయ రెండు చాలు. సాస్‌లో కారం ఏమిటి, ఇటలీ పద్ధతి చెడిపోదా అని అనుమానపడేవాళ్లకి ఒక సంగతి: 1690ల్లో నేపుల్స్‌లో అచ్చయిన తొలి టమాటా సాస్ వంటకంలోనే మిరప ఉంది. టమాటా, మిరప రెండూ అమెరికా ఖండం నుంచి వాళ్లకీ మనకీ వచ్చినవే. అయితే మిరపతో ఆపండి. ఆవాలు, కరివేపాకు కూడా పడితే ఇడ్లీలోకి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ పాస్తాకి ఉండదు.

రొయ్యలు ఇంత చవగ్గా, ఇంత తాజాగా దొరికే చోట ఉండి రొయ్యల పాస్తా చెయ్యకపోవడం పాపం. మొదటి సాసే, కాస్త పల్చగా దించండి. రొయ్యల్ని విడిగా నూనెలో రెండు మూడు నిమిషాలు తిప్పి, వంకీ తిరిగి గులాబీ రంగు రాగానే తీసి, ఆఖర్న కలపండి. వేపుడుకి వేయించినట్టు వేయిస్తే రబ్బరవుతాయి. పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద అక్కర్లేదు, రొయ్య తాజాదైతే నీచు రాదు. రొయ్యల పాస్తా మీద చీజ్ చల్లకూడదని ఇటలీవాళ్లు పట్టుదలగా ఉంటారు, ఈ విషయంలో నేను వాళ్ల పక్షమే.

నూనె

ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె బాగుంటుంది, అందులో రెండో మాట లేదు. కానీ నాలుగు చెంచాలూ అదే పోసి పాతిక నిమిషాలు మరిగిస్తే దాని సువాసనలో చాలా భాగం గాలిలో కలుస్తుంది. అందుకని వంటకి వాసన లేని సన్‌ఫ్లవర్ నూనె వాడి, దించాక ఒక పెద్ద చెంచా ఎక్స్‌ట్రా వర్జిన్ పచ్చిగా పొయ్యండి. చిన్న సీసా చాలాకాలం వస్తుంది. చవగ్గా ఉందని ఆలివ్ పోమస్ నూనె కొనకండి. పిప్పి నుంచి తీసి శుద్ధి చేసినది, వాసన ఉండదు, అలాంటప్పుడు సన్‌ఫ్లవర్ కన్నా ఎక్కువ పెట్టడం దండగ. గానుగ వేరుశనగ నూనె అర్రబియాతాకి పరవాలేదు. పప్పునూనె, అంటే నువ్వుల నూనె, మాత్రం పొయ్యద్దు. మా పిన్నిగారు వంటింట్లో పప్పునూనె తప్ప ఇంకోటి ముట్టరు. ఆవిడ చేసిన సాస్ చాలా రుచిగా ఉంటుంది, కళ్లు మూసుకుని తింటే టమాటా పచ్చడే.

ఆకు

బేసిల్ అనగానే తులసి తుంపుదామనిపిస్తుంది. పూజ సంగతి అటుంచినా, మన తులసిలో లవంగం ఘాటు ఎక్కువ, సాస్‌కి మందు వాసన వస్తుంది. బేసిల్‌కి దగ్గర చుట్టం మన రుద్రజడ. చుట్టం కూడా కాదు, అదే మొక్క. షర్బతుల్లో వేసే సబ్జా గింజలు దాని విత్తనాలే. కిరాణా కొట్లో సబ్జా గింజలు కొని కుండీలో చల్లి, పైన పల్చగా మట్టి కప్పి తడుపుతూ ఉండండి, వారం తిరక్కుండానే మొలకలొస్తాయి. ఇటలీ రకంతో పోలిస్తే ఆకు చిన్నది, సోంపు వాసన కాస్త ఎక్కువ. అందుకని సగమే వెయ్యండి, అదీ పొయ్యి కట్టేశాక. పూత కంకి రాగానే తుంపేస్తే ఆకు బాగా వేస్తుంది. మొక్క లేకపోతే ఆకు లేకుండానే తినండి. కొత్తిమీర ప్రత్యామ్నాయం కాదు.

గిన్నె

ఇనుప మూకుడు, ఉత్త అల్యూమినియం గిన్నె రెండూ టమాటా పులుపుకి పనికిరావు, లోహపు రుచి దిగుతుంది. అడుగు మందమున్న వెడల్పాటి స్టీలు గిన్నె తొందర సాస్‌కి. ఇంట్లో రాచ్చిప్ప ఉంటే వెన్న సాసుకీ, గంటసేపటి సాసుకీ దాన్ని మించింది లేదు. పులుపుకి లొంగదు, వేడిని పట్టి ఉంచుతుంది, అడుగంటదు. సన్నసెగ మీద మొదలుపెట్టాలి, దించాల్సిన టైముకి ఐదు నిమిషాల ముందే పొయ్యి కట్టెయ్యాలి, ఎందుకంటే కట్టేశాక కూడా ఉడుకుతూనే ఉంటుంది.

పాస్తాతో కలపడం

పాకెట్ మీద డ్యూరం గోధుమ రవ్వ అని ఉన్న పాస్తా కొనండి, మైదా కలిసింది తొందరగా ముద్దవుతుంది. వంద గ్రాములకి లీటరు నీళ్లు, రెండు చెంచాలకి కాస్త తక్కువ ఉప్పు. పాకెట్ చెప్పిన టైముకి నిమిషం ముందే తీసి, సాస్ గిన్నెలో వేసి, ఉడికిన నీళ్లు ఒక గరిటె పోసి ఆ చివరి నిమిషం అక్కడ తిప్పండి. నీళ్లలోని పిండి వల్ల సాస్ పాస్తాని పట్టుకుంటుంది. అన్నం మీద కూరలా పైన పోస్తే అడుగున నీళ్లు మిగులుతాయి.

దాచుకోవడం

లంక కాయ చవగ్గా ఉన్నప్పుడు పది కిలోలు తెచ్చి సాస్ చేసి సీసాల్లో పట్టేద్దామనే ఉత్సాహం రావడం సహజం. ఆవకాయ జాడీ అలవాటుతో ఆ పని చెయ్యకండి. ఆవకాయకి మామిడి పులుపు, బోలెడంత ఉప్పు, ఆవపిండి కాపలా ఉంటాయి. ఈ సాస్‌లో ఉప్పు తక్కువ, పులుపు కూడా అంతంతే. తిండిని విషం చేసే బొటులిజం సూక్ష్మజీవి పెరక్కుండా ఉండాలంటే పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, పులుపు పెరిగే కొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 కన్నా తక్కువ ఉండాలి. టమాటా సరిగ్గా ఆ గీతకి అటూఇటూ ఊగుతుంది, పండే కొద్దీ పులుపు తగ్గుతుంది. పైన నూనె పోస్తే గాలి తగలదు కదా అంటారు, ఆ సూక్ష్మజీవికి గాలి లేని చోటే ఇష్టం. సీసాల్లో బయట నిలవ పెట్టాలంటే లీటరుకి అరచెంచా సిట్రిక్ యాసిడ్ కలిపి, సీసాలు నీళ్లలో ముంచి నిర్ణీత సమయం మరిగించే పద్ధతి ఉంది. దాన్ని పూర్తిగా నేర్చుకున్నవాళ్లే ఆ పనికి దిగాలి.

మిగతావాళ్లకి ఫ్రిజ్, ఫ్రీజర్. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. ఇద్దరికి సరిపడా చిన్న డబ్బాల్లో, పైన వేలెడు ఖాళీ వదిలి పెట్టండి. రొయ్యలు, ఆకు కలపకముందే దాచాలి. తుఫానుకి కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు మాటిమాటికీ తియ్యకపోతే నిండా ఉన్నది రెండు రోజుల వరకూ, సగం నిండింది ఒక రోజు చల్లగా నిలుస్తుంది. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే లోపల ఇంకా మంచు పలుకులు ఉన్న డబ్బాలు మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. పూర్తిగా కరిగి వెచ్చబడిన వాటిని పారబోయండి, వాసన బాగానే ఉన్నా సరే.

చీజ్ చల్లేవాళ్లకి

శాకాహారులు ఇది గమనించుకోవాలి. ఇటలీ పార్మిజానో రెజ్జానోని దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తోనే పేరబెడతారు. ఇక్కడ పార్మెజాన్ పేరుతో అమ్మే వాటిలో కొన్ని అలాంటి రెన్నెట్ లేకుండా చేసినవి ఉంటాయి. పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. క్యూబుల్లో వచ్చే మామూలు ప్రాసెస్డ్ చీజ్ తురిమితే సాస్‌లో జిగటగా సాగుతుంది తప్ప రుచి కలవదు. దానికన్నా రెండు మూడు చెంచాల రొట్టె పొడి నూనెలో దోరగా వేయించి పైన చల్లుకోండి. ఇటలీ దక్షిణాన చీజ్ కొనలేని ఇళ్లలో అదే చల్లుకునేవారు, వెల్లుల్లి సాస్ మీద కరకరలాడుతూ బాగుంటుంది.